పసుపు నీళ్లు పడిన నోటుబుక్కు

మా మేనత్త తిరుపతమ్మ ప్రైవేటుగా మెట్రిక్ పరీక్షకు కట్టిన ఏడాది నాకు తొమ్మిదేళ్లు, ఆమెకు ఇరవై ఏడు. కర్నూలు రాజధాని అయి అప్పటికి ఏడాది దాటింది. ఆడవాళ్లు చదువుకుంటే టీచరు ఉద్యోగాలిస్తారని ముద్దనూరు చుట్టుపక్కల పల్లెల్లో కూడా మాట పుట్టింది. ఆ మాటను మా ఊళ్లో అందరూ విన్నారు. నమ్మింది మాత్రం మా అత్త ఒక్కతే.

ఆమె గొప్ప మనిషి అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఆమెకు కోపం ఎక్కువ, పంతం ఇంకా ఎక్కువ. తన పళ్లెం, తన చెంబు, తన దుప్పటి ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. పదిహేనో ఏట చదువు మాన్పించి, పులివెందుల వైపు ఇచ్చి పెళ్లి చేశారు. ఇరవై మూడో ఏట మొగుడు పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. అత్తగారివాళ్లు ఆమె ట్రంకుపెట్టెను బండికెక్కించి, మా ఇంటి ముందు దింపి వెళ్లిపోయారు. అప్పటినుంచి నాలుగేళ్లు మా వంటింట్లో జొన్నరొట్టెలు తట్టింది. మా అమ్మకూ ఆమెకూ పెద్ద తగాదాలేమీ లేవు. ఉప్పుకుండ ఏ మూల ఉండాలో ఆ నాలుగేళ్లలో ఇద్దరూ తేల్చుకోలేకపోయారు, అంతే.

ఒకరోజు మా నాయన తిమ్మన్న చేనునుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అత్త అడిగేసింది.

“అన్నా, నేను మెట్రిక్ రాస్తా. పాసైతే టీచరు ట్రైనింగుకు తీసుకుంటారంట.”

నాయన మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు అన్నం తింటూ జవాబిచ్చాడు.

“ఒగ తూరి రాయి. పాసైతే నీ దావన నువ్వు పో, నేను అడ్డం రాను. తప్పితే మళ్లా సదువు మాట ఈ ఇంట్లో ఎత్తగాకు.”

నాయన ఒక మాట అన్నాడంటే అంతే. మార్చి నెలలో కడపలో పరీక్ష. అందులో నెగ్గితే ఉద్యోగం, తన ఇల్లు, తన వంట. పోతే చచ్చేదాకా అన్న ఇంట్లో రొట్టెలు తట్టడం. అత్తకు ఇది బాగా తెలుసు. అందుకే ఆ ఏడాది ఆమె కోపం రెట్టింపయింది.

పాఠం చెప్పేవాళ్లు కావాలి కదా. మొగుడు పోయిన వయసు పిల్ల ఉన్న ఇంటికి మగ పంతులు వస్తే ఊరు ఊరుకోదు. చుట్టుపక్కల మెట్రిక్ పాసైన ఆడమనిషి సంతోషమ్మ ఒక్కతే ఉండేది. ఆమె మా ఊరి మాలపల్లెలో పుట్టిన క్రైస్తవురాలు. తండ్రి లాజరు మా చేలో కూలికి వచ్చే మనిషి. ఆమె మిషను హాస్టల్లో ఉండి కర్నూలులో చదువుకుంది. ట్రైనింగ్ అయ్యాక పల్లెకే తిరిగివచ్చి, చర్చి పక్క బడిలో పాఠం చెప్పుకునేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. అంచు లేని తెల్లచీర, భుజాన గుడ్డసంచి, సంచిలో సిరాబిళ్ల నీళ్లలో కరిగించి చేసుకున్న ఎర్రసిరా బుడ్డి.

మా జేజి, అంటే నాయన తల్లి సుబ్బలక్ష్మమ్మ, మొదట కుదరదంది. తర్వాత తన పద్ధతులు చెప్పి సరేనంది. సంతోషమ్మ అరుగు చివర నాపబండ మీద కూర్చోవాలి. అత్త గడప లోపల కూర్చోవాలి. పుస్తకం చేతినుంచి చేతికి పోకూడదు, మధ్యలో బండ మీద పెట్టాలి. టీచరు వెళ్లాక ఆమె దిద్దిన పుటల మీద పసుపు నీళ్లు చల్లాలి. చల్లేదాకా నోటుబుక్కును ఎవరూ ముట్టుకోకూడదు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దు వాలేముందు ఇదంతా జరిగేది. జేజి చెంబు పట్టుకుని నిలబడేది, అత్త వేళ్లు ముంచి చల్లేది. మా ఇంట్లో ఎవరికీ ఇందులో సిగ్గుపడే సంగతి కనపడలేదు. నాకూ కనపడలేదు. అది దాచిపెట్టేదైతే ఈ కథ చెప్పడమే దండగ.

లెక్కలు అత్తకు త్వరగానే పట్టుబడ్డాయి. ఇంగ్లీషు బట్టీపట్టి నెట్టుకొచ్చింది. చిక్కు వచ్చింది తెలుగులో, అదీ ఒక నవలతో. నవల పేరు నాకిప్పుడు గుర్తులేదు. మా ఇంటికి వచ్చేసరికే దానికి అట్ట ఊడిపోయింది. కథ మాత్రం మరిచిపోలేదు, ఎందుకంటే అత్త గట్టిగా చదివేది, నేను పక్కన కూర్చుని వినేదాన్ని.

వర్ధని అనే తల్లి లేని పిల్ల తొమ్మిదో ఏటినుంచి పదహారో ఏటిదాకా పెరిగిన కథ అది. ఆ పిల్లను మేనత్త పెంచుతుంది. ఆ మేనత్త చాలా మంచిది. ఆకలన్నవాళ్లకు అన్నం పెడుతుంది, ఒకరి కష్టం వింటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. వర్ధనికి మశూచి వస్తుంది. చుట్టాలెవరూ గడప తొక్కరు. ఊరి బయట ఉండే నాగి అనే ఆమె వచ్చి, పన్నెండు రోజులు చాప వేసుకుని పక్కన కూర్చుని పిల్లను బతికిస్తుంది. మేనత్త ఆమెకు కొత్త చీర పెడుతుంది, గంప నిండా ధాన్యం పోస్తుంది, ఏడుస్తుంది. నాగి వెళ్లాక ఆమె కూర్చున్న చాపను పెరట్లో వేసి కాలుస్తుంది. వర్ధని కిటికీలోంచి చూస్తుంది. అప్పుడు ఆ పిల్లకు ఏమీ అర్థం కాదు. పదహారో ఏట అర్థమవుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల మేనత్త దగ్గర ముందరి మాదిరిగా ఉండలేకపోతుంది.

పాత్రల స్వభావం రాయమని పరీక్షలో తప్పకుండా అడుగుతారు. దానికి సంతోషమ్మ ఒక పద్ధతి చెప్పింది. పుట మధ్యలో గీత గీసి, మనిషి అన్న మాటలు ఎడమ పక్క, చేసిన పనులు కుడి పక్క రాయాలి. రెండూ చూసుకున్నాకే జవాబు మొదలుపెట్టాలి. ఇంకొక పద్ధతి కూడా పెట్టింది. తప్పు రాసిన జవాబును కొట్టివేయకూడదు. మరునాడు మొదటినుంచీ తిరగరాయాలి.

మేనత్త పాత్ర గురించి అత్త మూడు పుటలు రాసింది. ఇంత దయగల ఇల్లాలు ఈ నవలలోనే కాదు, లోకంలోనే అరుదు అంది. పద్ధతి తప్పకుండానే పదిమందికీ పెట్టిన చేయి అని పొగిడింది. అందరికంటే మేనత్తే ఆమెకు నచ్చింది. నవలలోనూ మేనత్తే, మా ఇంట్లోనూ మేనత్తే కాబట్టి అందులో వింతేమీ లేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

సంతోషమ్మ ఆ మూడు పుటలు చదివి, ఎర్రసిరాతో అంచు పొడుగునా ఏదో రాసింది. నోటితో ఏమీ చెప్పలేదు. జేజి నాలుగు అడుగుల దూరంలో చేటలో కొర్రలు చెరుగుతూ ఉంది. ఆ నవల గురించి ఆ అరుగు మీద గొంతెత్తి మాట్లాడేది ఎట్లా? రాసి బండ మీద పెట్టి వెళ్లిపోయింది. జేజి చెంబు తెచ్చింది, అత్త చల్లింది. అత్త రాసిన నల్లసిరా మంచిది, చెదరలేదు. బిళ్ల కరిగించిన ఎర్రసిరా మాత్రం పసుపుతో కలిసి కాగితమంతా పాకింది. ఒకటి రెండు అక్షరాలు తప్ప ఏదీ తెలియలేదు.

“ఏం రాసిందత్తా?” అని అడిగాను.

“బాగుండాదని రాసింటాదిలే,” అంది అత్త.

తర్వాత కూడా అట్లాగే జరిగింది. నవంబరునుంచి జనవరిదాకా సంతోషమ్మ దిద్దుతూనే ఉంది, మా వాళ్లు కడుగుతూనే ఉన్నారు. తిరగరాయమన్న జవాబులను అత్త తిరగరాయలేదు. మొదట్లో సంతోషమ్మ ముఖంలో విసుగు కనపడేది. ఒకరోజు ఆమె వెనక పుటలు తిప్పుతూ ఆగిపోయింది. పసుపు మరకల మీద వేలు పెట్టి చూసింది. తల ఎత్తి జేజి పక్కనున్న చెంబు వైపు చూసింది. నోటుబుక్కు మూసి, ఆ రోజుకు ఇంగ్లీషు పాఠం చెప్పి లేచిపోయింది.

ఆ తర్వాత వచ్చినప్పుడు సంచిలోంచి పెన్సిలు తీసింది. ఆమె వెళ్లాక నీళ్లు చల్లడం మామూలుగానే జరిగింది. అంచులో మాత్రం అక్షరాలు నిలిచి ఉన్నాయి. అత్త పైకే చదివింది.

“మేనత్త చాపను ఎందుకు కాల్చింది?”

అత్తకు చిర్రెత్తింది. ఇది కూడా తెలియదా అన్నట్టు కింద జవాబు రాసింది. మశూచి అంటుకుంటుందని కాల్చింది. శుక్రవారం సంతోషమ్మ దాని కింద మళ్లీ పెన్సిలుతో రాసింది. “మశూచి వచ్చింది వర్ధనికి. వర్ధని కప్పుకున్న దుప్పటిని మేనత్త ఏం చేసింది? నూట పద్దెనిమిదో పుట చూడండి.”

అత్త నవల తెరిచింది. నూట పద్దెనిమిదో పుటలో దుప్పటి ఉంది. ఒకే ఒక వాక్యం. మేనత్త దుప్పటిని ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడిచి పెట్టెలో పెట్టింది. రోగం వచ్చిన పిల్ల దుప్పటి పెట్టెలోకి పోయింది, సేవ చేసిన మనిషి చాప నిప్పులోకి పోయింది. ఆ వాక్యాన్ని అత్త అంతకు ముందు నాలుగుసార్లయినా చదివి ఉంటుంది.

ఆమె నవల మూసి పక్కన పెట్టింది. తర్వాత నోటుబుక్కు మొదటినుంచి ఒక్కొక్క పుట తిప్పింది. పసుపు మరకల్లో కలిసిపోయిన ఎర్రరాతను వెలుతురుకు పెట్టి చదవాలని చూసింది. చదవడానికి ఏమీ మిగల్లేదు.

సోమవారం సంతోషమ్మ రాగానే అత్త గొంతు తగ్గించి అడిగింది.

“టీచరమ్మా, ఎర్రసిరా అయిపొయిందా?”

“లేదమ్మా. బుడ్డి నిండా ఉండాది.”

“మరి పెన్సిలుతో ఏమిటికి రాస్తాండావు?”

సంతోషమ్మ తల ఎత్తలేదు. “నీళ్లు పడినా పెన్సిలు చెదరదమ్మా,” అంది.

జేజికి ఆ మాట వినపడింది కానీ అర్థం కాలేదు. అత్తకు అర్థమైంది. చెవులదాకా ఎర్రబడింది. ఆ రోజు ఆమె నీళ్లు చల్లదనుకున్నాను. చల్లింది. జేజి చెంబు పట్టుకుని నిలబడి ఉంది, పరీక్షకు రెండు నెలలే ఉన్నాయి. గొడవ పెట్టుకుంటే చదువు ఆగిపోతుందని భయపడ్డానని తర్వాత నాతో చెప్పింది. అది నిజమే. అలవాటు కూడా ఉందని నేననుకుంటాను.

ఆ వారం మేనత్త పాత్ర గురించి అత్త మళ్లీ మొదటినుంచి రాసింది. ఈసారి ఎనిమిది పుటలు వచ్చాయి. మేనత్త ఏడుపు దొంగ ఏడుపు కాదని రాసింది. ఆమె దయా నిజమే, కాల్చిన చాపా నిజమే, రెండూ ఒకే మనిషిలో ఉండడం వర్ధని పెరిగి పెద్దయితే తప్ప చూడలేకపోయిందని రాసింది. సంతోషమ్మ చదివి, కింద పెన్సిలుతో ఒక్క మాట పెట్టింది. “సరిపోయింది.”

మార్చిలో నాయన ఆమెను బస్సులో కడప తీసుకుపోయాడు. తిరిగివచ్చాక ఎట్లా రాశావని అమ్మ అడిగితే, “మేనత్త వచ్చింది,” అని మాత్రం చెప్పింది. అమ్మకు ఏమీ బోధపడలేదు. ఎవరి మేనత్త అని అడిగింది.

జూన్‌లో పేపర్లో నంబర్లు పడ్డాయి. అత్త నంబరు ఉంది. నాయన పేపరు మడిచి, “మాట ఇచ్చినా కదా, పో,” అన్నాడు. ట్రైనింగు దరఖాస్తుతో పాటు, పాఠం చెప్పినవాళ్లు నడవడి గురించి రాసిచ్చిన కాగితం ఒకటి పంపాలి. దానికోసం అత్త నన్ను తోడు తీసుకుని మొదటిసారి మాలపల్లెకు వెళ్లింది.

లాజరు తాత మమ్మల్ని చూసి మంచం మీదినుంచి దిగి నిలబడ్డాడు. సంతోషమ్మ లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. చింతపండుతో తోమిన ఇత్తడి గ్లాసులో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. మిట్టమధ్యాహ్నం, నాకు నాలుక పిడచకట్టుకుపోతోంది.

“నాకీపొద్దు ఒక్కపొద్దు టీచరమ్మా,” అంది అత్త.

పొద్దున్నే రెండు రొట్టెలు తిన్న మనిషి. ఒక్కపొద్దుకు నీళ్లు తాగకూడదని కూడా మా ఇంట్లో లేదు. నేను అత్త ముఖం చూసి నా చేయి కూడా వెనక్కి తీసుకున్నాను. సంతోషమ్మ గ్లాసును కిటికీలో పెట్టింది. సంచి తెచ్చుకుని, కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది.

“దేంతో రాయమంటారమ్మా? సిరాతోనా, పెన్సిలుతోనా?”

ఎగతాళి ఉందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ లేదు. లెక్కల పాఠంలో ప్రశ్న అడిగినట్టే అడిగింది. అత్త తల వంచుకుని, “సిరాతోనే,” అంది. సంతోషమ్మ నిదానంగా రాసి, ఊది ఆరబెట్టి, మడిచి కుర్చీ పక్క అరుగు మీద పెట్టింది. మా ఇంటి పద్ధతి ఆమె మరిచిపోలేదు. అత్త అక్కడినుంచి తీసుకుంది.

చేను గట్టు మీద అత్త ఆగి కాగితం విప్పింది. నేను పక్కనుంచి చదివాను. “ఈమె శ్రద్ధగా చదువుతారు. తన తప్పు తెలిస్తే మొదటినుంచి తిరగరాస్తారు. పిల్లలకు పాఠం చెప్పడానికి తగినవారు.” అత్త రెండుసార్లు చదివింది. దాన్ని చేతిలోనే పట్టుకుని ఇంటిదాకా నడిచింది. గడప దగ్గర జేజి చెంబుతో కాచుకుని ఉంది. అత్త కాగితాన్ని తలకంటే పైకి ఎత్తి పట్టుకుంది. నీళ్లు ఆమె మీద పడ్డాయి, కాగితం మీద పడలేదు.

మరునాడు మధ్యాహ్నం అత్త మళ్లీ బయలుదేరింది.

“కాయితం వచ్చింది కదా, మళ్లా ఏమిటికి పోతాండావు?” అంది జేజి.

“ఒగటి తప్పు పొయినాదిమ్మా. సరిచేసుకోని వస్తా.”

జేజి కాగితంలో తప్పు అనుకుంది. నేను వెంట పరిగెత్తాను.

సంతోషమ్మ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. అత్త కుర్చీకోసం చూడలేదు.

“టీచరమ్మా, దప్పికైతాంది. నీళ్లియ్యండి.”

సంతోషమ్మ చేతిలోని చీరను పూర్తిగా ఆరేసి, అంచులు సరిచేసింది. అప్పుడు ఇటు తిరిగింది.

“నిన్న ఒక్కపొద్దంటిరి.”

“అబద్ధం చెప్పినా. తిరగరాయడానికి వచ్చినా.”

సంతోషమ్మ వెంటనే లోపలికి పోలేదు.  ఆమె గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

“మూడు నెలలమ్మా. నేను రాసిందంతా మూడు నెలలు కడిగేసినారు. రాసేది రాస్తానే ఉంటి. ఆ మరకలు చూసిన పొద్దు ఇంటికొచ్చి అన్నం తినలా. మానుకుందామనుకున్నా. నేను మానుకుంటే మీ సదువు ఆగిపోతాదని మానుకోల్యా.”

అత్త ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. క్షమించమని కూడా అడగలేదు, ఆమెకు ఆ మాట ఎట్లా అనాలో తెలియదనుకుంటాను. అక్కడే నిలబడి ఉంది. సంతోషమ్మ లోపలికి వెళ్లి నిన్నటి ఇత్తడి గ్లాసులోనే నీళ్లు తెచ్చింది. ఈసారి అరుగు మీద పెట్టలేదు, చేయి చాపింది. అత్త చేతిలోంచి తీసుకుని గడగడా తాగింది. తాగి ఇంకో గ్లాసు అడిగింది. నాకూ ఇచ్చారు. ఆ పల్లెలో నీళ్లు మా బావి నీళ్లకంటే కొంచెం ఉప్పగా ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి జేజి గడపలో చెంబుతో నిలబడి ఉంది.

“ఆడ ఏమన్నా ముట్టుకుంటివా?” అని అడిగింది.

“ముట్టుకుంటి. రెండు గ్లాసుల నీళ్లు తాగినా,” అంది అత్త.

జేజి చేయి పసుపు నీళ్లలోనే ఉండిపోయింది. కూతురిని తలనుంచి కాళ్లదాకా చూసింది, మళ్లీ చెంబులోకి చూసింది. ఎక్కడ చల్లాలో ఆమెకు తెలియలేదు.